పసుల పోలిగాడు

ముందుగాల ఒక సంగతి చెప్పాలె. ఆ రాత నాది, బాపుది కాదు. ఫోను బాపుది, వాట్సాప్‌ల సిద్దిరాములు అని పేరు పడుతది కాబట్టి ఊరంత మా బాపే రాసిండనుకున్నది. మా బాపు మగ్గం గుంటల కాళ్లు పెట్టిండంటే పొద్దుగూకేదాక తల ఎత్తడు. వచ్చిన మెసేజులు చదువుడే తక్కువ, ఇంక రాసేదెక్కడిది? ఈ మాట ఎవ్వరూ ఆలోచించలేదు. సర్పంచు ఎన్నికలు మూడు రోజులున్నయంటే మా ఊళ్ల ఆలోచన చేసేటోళ్లు దొరకరు.

నా పేరు అనూహ్య. మా ఊరి బళ్లె పదో తరగతి. నేను పెద్దగ మాట్లాడ. ఎవరన్న పలుకరిస్తే తల ఊపుత. ఇంటెనుక జామచెట్టు కింద కూసొని డైరీ రాసుకుంట. మా అమ్మ మంజుల, "దీని నోట్లె మాట లేదు గని నోటుబుక్కులు నిండుతున్నయి," అంటది. మెచ్చుకొని అనే మాట కాదది.

బయాలజీ చెప్పే అరుణ్ సారు నకిరేకల్ నుంచి బస్సుల వస్తడు. దీపావళి అయినంక మాకొక పని చెప్పిండు. ఇంటి పెరట్ల వాలే పిట్టలను ఇరవయ్యింటిని ఫోటో తీయాలె. పుస్తకంల పేరు గాదు, మన ఇండ్లల్ల పిలిచే పేరు రాయాలె. అది ఎట్ల ఉంటది, ఏం చేస్తది, నాలుగు మాటలు రాయాలె. అందరికంటె మంచిగ చేసినోళ్లది నల్లగొండ సైన్స్ ఫేర్‌కు పోతది. "రోజుకొక పిట్టను మీ ఊరి గ్రూపుల గూడ పెట్టుండ్రి. పేరు తప్పయితే పెద్దోళ్లే చెప్తరు," అన్నడు.

క్లాసుల అందరు నవ్విన్రు. నేను నవ్వలేదు. మాట్లాడకుండ కదలకుండ కూసునే పనికి మార్కులు వేస్తమని నాతోని ఎవరన్న అనుడు అదే మొదటిసారి.

మొదటి వారం ఫోటోలన్ని పాడైనయి. బాపు ఫోను మూలకు పగిలి ఉంటది. దూరం నుంచి వేళ్లతోని గుంజి పెద్దగ చేస్తే పిట్ట పిండిముద్ద లెక్క అయ్యేది. సారు చూసి, "గుంజకు. నువ్వే దగ్గరికి పో. పోలేకపోతే అది వచ్చేదాక కూసో. ఎండ నీ ఈపుకు ఉండాలె, పిట్ట మొకానికి ఉండాలె," అన్నడు. అప్పటి సంది పొద్దున మొకం కడిగినప్పటి నుంచి బడి టైందాక కట్టెల మోపు ఎనుక కూసునేదాన్ని. కాళ్లు తిమ్మిరెక్కేవి. చీమలు కుట్టేవి. కదిలితే పిట్ట పోతది. ఇంట్ల అంట్లు నా కోసం ఎదురుచూస్తుంటే నేను గోరువంక కోసం ఎదురుచూస్తున్ననని అమ్మ రోజూ తిట్టేది.

గట్లనే గుర్తువట్టుడు నేర్చుకున్న. పికిలిపిట్టకు తోక కింద ఎర్రగ ఉంటది. గోరువంకకు కంటి చుట్టు పసుపు. తేనెపిట్ట ఎండల ఊదాగ మెరుస్తది, నీడల వట్టి నలుపే. ఒంటి నిండ మచ్చలున్న ఒకదాన్ని చూసి కొత్త జాతి దొరికిందని మూడు రోజులు సంబురపడ్డ. అది ఆడ కోకిల అని సారు చెప్పిండు. ఇంకోనాడు ఒక నల్లపిట్టను కాకిపిల్ల అన్న.

"నల్లగ ఉన్నయన్ని కాకులేనా? తోక చూడు," అన్నడు సారు.

చూసిన. తోక కొసకు రెండు పాయలు, చేప తోక లెక్క. పేరడిగితే, "మీ దగ్గర ఏమంటరో నువ్వే కనుక్కోవాలె," అన్నడు.

ఆ పేరు నాకు చెప్పింది అమృతమ్మ అవ్వ.

మా పెరడును ఆనుకొని ఐలేశం పెదనాయిన పెరడు ఉంటది. మాకు చుట్టమేం కాదు, ఊరి వరుస. నడుమ నా నడుమెత్తు గోడ. అమృతమ్మ ఆయన తల్లి. మా స్నానాల నీళ్లు వాళ్ల వాకిట్లకు పారుతున్నయని రెండేండ్ల కింద పెద్ద లొల్లి అయింది. అప్పటి సంది రెండిండ్లకు మాటలు లేవు. ఎదురుపడితే మా అమ్మ కొంగు దులుపుకుంటది, వాళ్లు పక్కకు తిరిగి ఉమ్మేస్తరు. కానీ అవ్వ పొద్దున బర్రెను పిండ వచ్చినప్పుడు చుట్టూ చూసి, ఎవ్వరు లేకపోతే నాతోని మాట్లాడేది. నేను జవాబు చెప్పకపోయినా మాట్లాడేది. ఎందుకు పలుకవని ఒక్కనాడు అడగలేదు.

ఆ రోజు నల్లపిట్ట బర్రె ఈపు మీద వాలింది. బర్రె అడుగేస్తే గడ్డిల నుంచి లేచే పురుగులను పట్టుకుంట, మళ్లొచ్చి అక్కడ్నే కూసుంటాంది.

"అవ్వా, దీన్ని ఏమంటరు?" అని అడిగిన.

అవ్వ పిట్ట దిక్కు చూసింది. పండ్లు లేని నోరు కొంగుతోని మూసుకొని చాలసేపు నవ్వింది.

"పసుల పోలిగాడు," అన్నది.

"ఎందుకట్ల?"

"పసుల ఎంబడి తిరుగుతడు గద. పిడికెడంత ఉంటడు గని గద్దను గూడ తరుముతడు. వీడు చెట్టు మీద గూడు పెట్టిండంటే మిగితా పిట్టలు గూడ ఆ చెట్టుకే వస్తయి, కావలి ఉంటడని." మళ్ల నవ్వి, "నేను చెప్పిన్నని ఎవ్వలకు చెప్పకు బిడ్డా. మీతోని మాట్లాడినట్టు తెలిస్తే నా కొడుకు ఊకోడు," అన్నది.

ఎందుకు నవ్విందో తెలువలేదు. చెప్పనని తల ఊపిన.

మర్నాడు పొద్దున ఎండ మంచిగ పడ్డది. బర్రె అడ్డంగ నిలబడ్డది, పిట్ట దాని ఈపు మీద. తోక రెండు పాయలు సాఫ్‌గ కనపడుతున్నయి. ఊపిరి బిగవట్టి తీసిన. నా ఫోటోలన్నిట్ల అదే మంచిది. బడికి పొయ్యే ముందు ఊరి గ్రూపుల పెట్టి, కింద రాసిన:

"మన పెరటి పిట్టలు – 7. పసుల పోలిగాడు. నల్లగ ఉంటడు. బర్రెల ఎంబడి తిరుగుతడు. చిన్నోడే గని తనకంటె పెద్దోళ్లను తరుముతడు. సందు దొరికితే వేరేటోళ్ల నోటికాడిది గుంజుకుంటడు. రేపు పొద్దున మీ ఇంటి ముందటికి గూడ వస్తడు. మంచిగ చూడుండ్రి."

పికిలిపిట్టకు రెండు దండాలు వచ్చినయి. తేనెపిట్టకు ఒక పువ్వు వచ్చింది. దీనికి నేను చెప్పులేసుకునే లోపట పదిహేను నవ్వుడు బొమ్మలొచ్చినయి. ఉంగరం గుర్తు మీద సర్పంచుకు నిలబడ్డ సైదులు మామ, "సిద్దిరాములన్నా, ఉన్నదున్నట్టు చెప్పినవ్," అని రాసిండు. పిట్ట అందరికి నచ్చిందనుకున్న. ఆ రోజు బడికి ఉరుక్కుంట పోయిన.

సాయంత్రం వచ్చేసరికి మా వాకిట్ల ఇరవై మంది ఉన్నరు.

సైదులు మామ మీద పోటీ నిలబడ్డది ఐలేశం పెదనాయిననే అని ఇంతకుముందే చెప్పాల్సింది. కత్తెర గుర్తు. రోజూ పొద్దున ఇంటింటికి తిరిగి ఓట్లడుగుతున్నడు. ఇవన్ని నాకు తెలుసు, కానీ పిట్టను చూసేటప్పుడు నాకు వేరేది కనపడదు. ఆ ఫోటోల పిట్ట చింతగింజంత ఉన్నది. బర్రె ఎనుక గోడకు కట్టిన ఫ్లెక్సీల మటుకు ఐలేశం పెదనాయిన రెండు చేతులు జోడించి మనిషంత ఎత్తున నిలబడ్డడు. నేను తోకను చూసిన, ఊరు ఫ్లెక్సీని చూసింది.

బాపు మగ్గం మీది నుంచి అట్లనే లేచి వచ్చినట్టున్నడు. అంగీ మీద నూలు పోగులు. అమ్మ తలుపు పట్టుకొని నిలబడ్డది.

"చెప్పు సిద్దిరాములు," అంటున్నడు పెదనాయిన. "పసుల పోలిగాడు ఎవడు?"

"అన్నా, నాకేం తెల్వదే. నేను రాయలే."

"ఫోను నీది. పేరు నీది. రాసింది నువ్వు గాదు. మరి నీ మగ్గం రాసిందా?"

మందిల ఎవరో కిసుక్కుమన్నరు. బజాట్ల సైదులు మామ మనుషులు నలుగురు బండ్ల మీద కూసొని చూస్తున్నరు, వాళ్లు మాత్రం బాహాటంగనే నవ్వుతున్నరు.

"మా నాయిన పేరు పోలయ్య," అన్నడు పెదనాయిన. "పదేండ్ల పోరడప్పటి సంది పటేలు ఇంట్ల పసులు కాసిండు. ఈ ఊళ్ల ఒక్కడన్న పోలయ్యా అన్నడా? ముసలోడైనా పోలిగాడే. నెత్తి నెరిసినా పసుల పోలిగాడే. సచ్చినంక, పాడె మీద పెట్టినంక పోలయ్య అన్నరు. ఇయ్యాల నేను ఓట్లకు నిలబడ్డననే గద, ఆయనను మళ్ల పోలిగాన్ని జేసిన్రు?"

నాకు అప్పుడు తెలిసింది. పోలయ్య తాత నేను పుట్టకముందే చనిపోయిండు. ఆ మాట పిట్టకు పెట్టిందనే తెలుసు గని, మనిషిని గూడ గట్లనే పిలిచిన్రని నాకెవ్వరు చెప్పలేదు. చెప్పినామె నవ్వి ఊకున్నది.

"నేనే రాసిన," అన్న. ఎవ్వరికి ఇనపడలేదు. మళ్ల అన్న. "నేను రాసిన. అది పిట్ట."

ఇరవై మంది నా దిక్కు తిరిగిన్రు.

పెదనాయిన కొడుకు రిత్విక్ హైదరాబాద్‌ల ఇంజనీరింగ్ చదువుతడు, ఎన్నికలకని వచ్చిండు. ఫోను తెచ్చి నా మొకానికి పెట్టిండు. "పిట్టనా? ఏడున్నది పిట్ట? గీడ మా డాడీ ఉన్నడు, బర్రె ఉన్నది."

వేలు పెట్టి చూపిచ్చిన.

"గిదా? నేను బర్రెకు పుండు అనుకున్న," అన్నడు. ఈసారి రెండు పార్టీలోళ్లు నవ్విన్రు.

పెదనాయిన నవ్వలేదు. "బళ్లె చదివే పోరికి గింత తెలివి ఏడికెళ్లొస్తది? నోటికాడిది గుంజుకుంటడని రాస్తదా? రేపు మీ ఇంటి ముందటికి వస్తడని రాస్తదా? ఎవ్వడో ఎనుకుండి రాయిచ్చిండు."

"మమ్ముల చూడకన్నా," అని బజాట్ల నుంచి ఒకడు అరిచిండు. "మాకు ఓట్లడగనీకే టైం లేదు, పిట్టలెంబడి ఏడ తిరుగుతం?"

రిత్విక్ నా పక్కకు వచ్చి గొంతు తగ్గిచ్చిండు. "చెల్లె, నీ మీద మాకేం లేదు. సైదులు రాయిచ్చిండని ఒక్క మాట అను. వీడియో తీసుకుంట, గ్రూపుల పెడ్త, పోతం. నువ్వు నీ పిట్టలు పట్టుకొని నల్లగొండకు పో. అనకపోతే మీ బాపు ఫోన్ల పిట్ట ఒక్కటి మిగులది."

సోమవారం సారుకు ఇయ్యాలె. పద్దెనిమిది పిట్టలు అయినయి. గ్రూపుల పెట్టినయి మసకయినయి, అసలు ఫోటోలు ఆ ఫోన్ల తప్ప ఎక్కడ లేవు. అన్ని పొద్దున్లు నేను చీమలు కుట్టిచ్చుకున్నది ఆ పద్దెనిమిదింటి కోసమే.

అమ్మ వచ్చి నా జబ్బ పట్టుకున్నది. "అనవే. సైదులు మనకేమన్న అక్క మొగుడా, చెల్లె మొగుడా? ఒక్క మాట అని ఇంట్లకు రా."

"సైదులు మామ నాతోని ఎన్నడు మాట్లాడలే," అన్న.

అమ్మ చెంప మీద కొట్టింది. చెవుల గుయ్యిమన్నది.

"మరి గా పేరు నీకు ఎవ్వలు చెప్పిన్రే?" అన్నడు పెదనాయిన.

గోడ అవతల అమృతమ్మ అవ్వ నిలబడి ఉన్నది. చంకల గడ్డిమోపు అట్లనే ఉన్నది. ఆమె దిక్కు చూస్తే నా మొకమే చెప్తదని నేల చూసిన.

"చెప్పది," అన్నడు పెదనాయిన. "చెప్పనీకి ఏమన్న ఉంటే గద! అసలు గా పేరు మీద పిట్టనే లేదు. ఏమే పోచయ్యా, నువ్వెప్పుడన్న ఇన్నవా?"

పోచయ్య తాత డెబ్బై ఏండ్లాయన, చిన్నప్పటి నుంచి మేకలు కాసిండు. ఆకాశం దిక్కు చూసి, "ఏమో, నాకు చెవులు సక్కగ ఇనపడయి," అన్నడు. అక్కడున్న ముసలోళ్లు అందరికీ ఆ పిట్ట పేరు తెలుసని వాళ్ల మొకాలు చూస్తేనే అర్థమైతాంది. ఒక్కరు నోరు తెరువలేదు.

"రాయి," అన్నడు పెదనాయిన. "అందరి ముందట ఇప్పుడే రాయి. ఆ పేరు తప్పు, అసొంటి పిట్ట లేదు, క్షమించుండ్రి అని రాయి."

"క్షమించుండ్రి అని రాస్త," అన్న. "తాత సంగతి నాకు తెల్వదు పెదనాయినా. తెలిస్తే పెట్టకపోదును. కాళ్లు మొక్కుమంటె మొక్కుత. పేరు తప్పని మాత్రం రాయను. అది తప్పు కాదు."

"అబ్బో, నోరొచ్చింది మూగదానికి," అన్నరు ఎవరో.

పెదనాయిన గోడ దిక్కు తిరిగిండు. "అమ్మా! బతుకంత పసుల నడుమ ఉన్నవ్. నువ్వు చెప్పు. గా పేరుతోని పిట్ట ఉన్నదా?"

అవ్వ నన్ను చూసింది. బజాట్ల బండ్ల మీద కూసున్నోళ్లను చూసింది. తర్వాత కొడుకును చూసింది.

"లేదు," అన్నది. "నేనెన్నడు ఇనలే."

నువ్వే చెప్పినవ్ గద అన్న మాట నా నాలిక కొసకు వచ్చింది. ఆ ఒక్క మాట అంటే అయిపోయేది. బజారంత పక్కుమని నవ్వేది. అప్పుడు ఐలేశం పెదనాయిన మొకం ఎట్లుంటదో చూడాలని గూడ అనిపిచ్చింది, అబద్ధమెందుకు. నోరు తెరిచిన.

"అవ్వకు యాది లేకపోవచ్చు," అన్న. "పిట్ట పేరు అదే."

ఫోను బాపే తెచ్చి ఇచ్చిండు. లాకు గూడ ఆయననే తీసిండు. రిత్విక్ మా అరుగు మీద కూసొని, ఒక్కొక్కటి చుట్టున్నోళ్లకు చూపెట్టుకుంట తీసేసిండు. "గోరువంక, పాయె. పికిలి అట, పాయె. గిది కోకిల మొగుడు, గిది పెండ్లాం. ఇద్దరు పాయె." ఆడ కోకిల కోసం నేను చింతచెట్టు కింద మూడు పొద్దులు కూసున్న. బర్రె ఫోటో వచ్చినప్పుడు కొంచెం ఆగిండు. తండ్రి దండం పెడుతున్న ఫోటో గద. తర్వాత అదీ తీసేసి, ఫోను మగ్గం మీదికి ఇసిరి లేచిండు.

వాళ్లు పోయినంక బాపు అరుణ్ సారుకు ఫోన్ చేసిండు. సారు ఏమన్నడో నాకూ ఇనపడ్డది. "నన్ను ఇందుల గుంజకండి. నాకు ఎన్నికల డ్యూటీ పడ్డది. ఆ పిట్టలు ఇప్పుడు వద్దని చెప్పండి." పేరు కనుక్కోమన్నది, గ్రూపుల పెట్టమన్నది గూడ ఈ సారే.

"ఇగ పిట్టలు బందు," అన్నడు బాపు. ఆ తర్వాత ఇంట్ల ఎవ్వరు నాతోని మాట్లాడలేదు. నేను మాట్లాడకపోవుడు వాళ్లకు అలవాటే. వాళ్లు మాట్లాడకపోవుడు నాకు కొత్త.

తెల్లారి పెరట్లకు పోయిన. అలవాటు. గోడ అవతల బర్రె కట్టేసే ఉన్నది, పాలు పిండలేదు. అవ్వ వాళ్ల ఇంటి పక్కగోడకాడ నిలబడి తడిబట్టతోని రుద్దుతాంది. ఎన్నికలకని కొత్తగ సున్నం వేసిన గోడ. దాని మీద ఎవరో బొగ్గుతోని బారెడు బారెడు అక్షరాలు రాసిపోయిన్రు.

నన్ను చూసి చెయ్యి ఆపింది. "బిడ్డా, ఏం రాసిన్రే గీడ?" అని మెల్లగ అడిగింది. ఆమెకు చదువు రాదు.

నాకేం జాలి రాలేదు. "పసుల పోలిగాడు అని రాసిన్రు," అన్న, గట్టిగ. "నీకు తెల్వదు గద ఆ పేరు."

అవ్వ బట్టను బకెట్ల ముంచి పిండింది.

"తెల్వకేం," అన్నది. "ఆ కేక ఇనపడితే మీ తాత తినే కంచం ఇడిచి ఉరికేటోడు. ఆలిశమైతే పటేలు చేతుల కట్టె ఇరిగేది. ఆ వాతలకు పసుపు పూసింది నేను."

"మరి ఆనాడు నవ్వినవ్."

"పిట్టను చూస్తే నవ్వొచ్చింది. మీ తాత గూడ గట్లనే ఉండె, నల్లగ, ఇంతంత." చేత్తోని గాలిల చూపెట్టింది. "నిన్న మందిల అడిగితే నవ్వు రాలే."

నా చెంప ఇంకా మండుతాంది. పద్దెనిమిది పిట్టలు లేవు. ఆమె ఒక్క 'ఉన్నది' అంటే ఉండేటివి. ఆ సంగతి ఆమెకూ తెలుసు. అందుకే కావచ్చు, క్షమించమని మాత్రం అనలేదు.

మళ్ల రుద్దింది. బొగ్గు పోలేదు, తడికి పాకి గోడంత మసి అయింది. అక్షరాలు మాత్రం కలిసిపోయినయి. అవ్వ ఎనుకకు జరిగి కండ్లు చికిలిచ్చి చూసింది.

"ఇంకేడనన్న ఉన్నదా?" అని అడిగింది.

కిటికీ కింద ఇంకోటి ఉండె, చిన్న అక్షరాలతోని. ఆమెకు అది వట్టి గీతలు లెక్క కనపడ్డట్టున్నది. గోడ ఎక్కి దిగి, పోయి చూపెట్టిన.